‘బద్నాం’ తెలిసినవారు ‘ఇగ్నమిని’ని నేర్చుకునే పద్ధతి

వరంగల్, హనుమకొండలలో పోటీ పరీక్షలకు చదువుకునేవారు ఆంగ్ల పదాల పట్టికలో ‘ఇగ్నమిని’ పక్కన ‘అవమానం’ అని రాసుకొని ముందుకు సాగిపోతుంటారు. ఆ అర్థం తప్పు కాదు గాని, చాలదు. నలుగురి మధ్య ఒకరు మనలను ఒక మాట అనడమూ అవమానమే, కాని దానితో లోకంలో మన పేరు చెడిపోనక్కరలేదు.

ముందుగా ఉచ్చారణ సరిచేసుకోవాలి. ఊనిక మొదటి అక్షరమైన ‘ఇ’ మీద పడుతుంది. విశేషణమైన ‘ఇగ్నమినియస్’లో మాత్రం అది ‘మి’ మీదికి జరుగుతుంది.

తరువాత పదాన్ని విడదీయాలి. లాటిన్ భాషలో ‘నోమెన్’ అంటే పేరు, దాని ముందు చేరిన ‘ఇన్’ లేమిని తెలుపుతుంది. ఆ రెండూ కలిసి ‘ఇగ్నోమినియా’, అంటే పేరు పోవడం, అయింది. రోమన్ గణరాజ్యంలో పౌరుల పట్టికలు చూసే సెన్సార్ అనే అధికారులు నడవడి చెడినవాని పేరుకు ఎదురుగా ఒక గుర్తు పెట్టి, సెనేటరైతే సెనేట్ నుండి తొలగించేవారు; ఆ మచ్చ పేరు ఇదే. నేరం చేసిన సైనికుని కొలువు నుండి వెళ్లగొట్టడానికి కూడా ఇదే మాట వాడేవారు, అలా వెళ్లినవాడు రోమ్ నగరంలో ఉండరాదు.

ఇక దీనిని మనసులో నిలుపుకోవడానికి మన వాడుకలోని ‘బద్నాం’ను పట్టుకోవడం మేలు. ఉర్దూ ద్వారా మనకు వచ్చిన ఈ పారసీక పదంలో ‘బద్’ అంటే చెడు, ‘నాం’ అంటే పేరు. ఈ ‘నాం’, సంస్కృత ‘నామ’, లాటిన్ ‘నోమెన్’ ఒకే మూలం నుండి పుట్టిన తోబుట్టువులు కనుక, “వాడు బద్నామైండు” అనే పల్లెవాసికి ఇగ్నమిని భావం ఇదివరకే తెలుసు. ‘నామోషీ’ని మాత్రం ఈ వరుసలో చేర్చరాదు, అర్థం దగ్గరదే అయినా, అది పరువు అనే అర్థమున్న ‘నామూస్’ నుండి వచ్చింది, పేరుతో దానికి చుట్టరికం లేదు.

వాడేటప్పుడు, పదిమందికీ తెలిసిన అప్రతిష్ఠకే దీనిని వాడాలి. లంచం తీసుకుంటూ పట్టుబడి పదవి పోగొట్టుకున్న అధికారి విషయంలో ఇది సరిగ్గా అతుకుతుంది. ఎవరికీ తెలియని తప్పుకు లోలోపల కుమిలిపోయేవాని విషయంలో ‘షేమ్’ అనడమే తగినది.