కస్టమ్స్ విచారణకు రమ్మంటే ఎలా సిద్ధం కావాలి?

మా మేనమామ మెషీన్ విడిభాగాలు దిగుమతి చేసేవాడు. ఒక కన్‌సైన్‌మెంట్‌కు ధర తక్కువ చూపించారన్న అనుమానంతో ఆయన్ని ఒక దర్యాప్తు ఆఫీసుకు పిలిచారు. పొద్దున టీ తాగి వెళ్లిన మనిషి చీకటి పడేదాకా అక్కడే ఉన్నాడు. చివర్లో ఇంగ్లీషులో ఉన్న కాగితాలు ముందు పెట్టారు. ఆకలి, టెన్షన్, ఇంటికి పోతే చాలన్న ఆత్రం. చదవకుండానే సంతకాలు పెట్టేశాడు. ఆయన నోటితో చెప్పింది "ధరల సంగతి మా పార్ట్‌నర్ చూసుకుంటాడు" అని. కాగితంలో ఉన్నది "అసలు ధర నాకు తెలుసు" అని. దాని కిందే "ఇదంతా ఎవరి ఒత్తిడీ లేకుండా నా ఇష్టంతో చెప్పాను" అన్న వాక్యం.

ఆ ఒక్క వాక్యం కోసమే ఇది రాస్తున్నాను. విశాఖలో పోర్టును నమ్ముకుని బతికేవాళ్లు ఎంతోమంది. రొయ్యల ఎగుమతిదారులు, దువ్వాడ సెజ్‌లోని యూనిట్లు, కస్టమ్స్ బ్రోకర్ల దగ్గర పనిచేసే కుర్రాళ్లు, కురుపాం మార్కెట్ బంగారం వ్యాపారులు. వీళ్లలో ఎవరికైనా ఆ పిలుపు రావచ్చు. తప్పు చేసినవాళ్లకే వస్తుందని లేదు, విషయం తెలిసినవాళ్లకూ వస్తుంది.

ముందు, ఆ పిలుపు ఎలాంటిదో తేల్చుకోండి

"ఒకసారి వచ్చి మాట్లాడి వెళ్లండి" అని ఫోన్ వస్తే అది సమన్లు కాదు. కోపంగా కాదనకండి, భయపడి పరిగెత్తకండి. పేరు, హోదా, ఆఫీసు, ఏ విషయమో అడిగి, రాతపూర్వకంగా పంపమని మర్యాదగా కోరండి. కస్టమ్స్ చట్టం, 1962లోని సెక్షన్ 108 కింద గెజిటెడ్ అధికారి సమన్లు ఇస్తే మాత్రం వెళ్లి తీరాలి, నిజమే చెప్పాలి. అది న్యాయ విచారణతో సమానం. అబద్ధం చెబితే ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడే నేరం అవుతుంది.

కాగితం మీద డిన్ అనే గుర్తింపు నంబరు ఉందేమో చూడండి. సీబీఐసీ (కస్టమ్స్‌ను నడిపే కేంద్ర బోర్డు) వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే కాగితం అసలుదో నకిలీదో తెలుస్తుంది. వీడియో కాల్‌లో కూర్చోబెట్టి "మీ పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయి, డిజిటల్ అరెస్ట్ చేశాం, డబ్బు పంపండి" అంటే వాళ్లు కస్టమ్స్ వాళ్లు కాదు, దొంగలు. ఫోన్ పెట్టేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

వెళ్లే ముందు

ఆ రోజు ఒంట్లో బాగోకపోయినా, లాయర్ దొరక్కపోయినా, గడువు రోజుకి ముందే కారణం రాసి మరో తేదీ అడగండి. ఆ లేఖ అందినట్టు ముద్ర వేయించుకోండి. చెప్పకుండా మానేయడమే అన్నిటికన్నా చెడ్డ పని.

బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి పత్రం) లేదా షిప్పింగ్ బిల్ (ఎగుమతి పత్రం), ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, బ్యాంకులో డబ్బు కట్టిన రుజువు, సరుకు గురించి నడిచిన మెయిళ్లు, వాట్సాప్ సందేశాలు, అన్నీ తేదీల వారీగా పేర్చుకోండి. ఏదీ చెరిపేయకండి, కొత్తగా పుట్టించకండి. అక్కడితో మామూలు కేసు కూడా పెద్దదవుతుంది. బంగారం విషయమైతే ఇంకా జాగ్రత్త. అది అక్రమంగా వచ్చిందని సహేతుకంగా నమ్మి పట్టుకుంటే, సెక్షన్ 123 ప్రకారం, కాదని రుజువు చేసుకోవాల్సిన భారం పట్టుబడినవాళ్ల మీదే ఉంటుంది. కొన్న బిల్లు లేకపోతే మాటలు చాలవు.

లాయర్‌ను ముందే కలవండి. విచారణ గదిలో లాయర్ పక్కన కూర్చోవడం హక్కు కాదని సుప్రీంకోర్టు 1992లోనే చెప్పింది. అయితే కనబడేంత దూరంలో, మాటలు వినబడనంత దూరంలో లాయర్‌ను ఉండనివ్వమని కోర్టులు ఆదేశించిన సందర్భాలున్నాయి. ఫీజు కట్టలేని వాళ్లు 15100కి ఫోన్ చేసి ఉచిత న్యాయ సహాయం అడగొచ్చు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఆ సహాయం దొరుకుతుంది.

మందులు, నీళ్లు, తినడానికి ఏదో ఒకటి తీసుకెళ్లండి. ఇంట్లో ఎవరికో ఒకరికి ఎక్కడికి వెళ్తున్నారో, ఏ అధికారి పిలిచారో చెప్పి వెళ్లండి.

ప్రశ్నలప్పుడు

తెలిసింది తెలిసినట్టు చెప్పండి. తెలియకపోతే "తెలియదు", గుర్తులేకపోతే "కాగితం చూసి చెబుతాను". మన దగ్గర పెద్దమనిషి అడిగితే ఏదో ఒకటి చెప్పకపోతే మర్యాద కాదనుకుంటాం. "అయి ఉండొచ్చండీ" అనేస్తాం. ఆ "అయి ఉండొచ్చు" కాగితం మీద "అవును" అయిపోతుంది. పార్ట్‌నర్ మనసులో ఏముందో, బ్రోకర్ ఏమనుకున్నాడో ఊహించి చెప్పడం మీ పని కాదు.

"నేనేం మాట్లాడను" అని కూర్చోవడం ఇక్కడ అంత తేలిక కాదు. ఈ దశలో పిలుపు అందుకున్న మనిషి ఇంకా నిందితుడు కాదని, కస్టమ్స్ అధికారి పోలీసు కాదని సుప్రీంకోర్టు 1968లో తీర్పు చెప్పింది. అందుకే పోలీసుల ముందు ఒప్పుకోలు లాగా కాకుండా, ఇక్కడ ఇచ్చిన స్టేట్‌మెంట్ కోర్టులో మీ మీద వాడవచ్చు.

సంతకం దగ్గర

తొందరపడకూడని చోటు ఇదే. తెలుగులోనే చెబుతానని, వీలైతే స్వహస్తాలతో తెలుగులో రాస్తానని అడగండి. ఇంగ్లీషులో టైప్ చేస్తే ప్రతి వాక్యం తెలుగులో చదివి వినిపించమనండి. తేడా ఉంటే కొట్టేసి సరిచేయించి, పక్కన పొట్టి సంతకం పెట్టండి. "నాకు తెలుగులో చదివి వినిపించారు" అన్నది నిజమైతేనే రాయండి. ఖాళీ కాగితం మీద, ఖాళీ వదిలిన చోట సంతకం వద్దు. మొదలైన వేళ, ముగిసిన వేళ రాయించండి. ఎంత రాత్రైనా సరే, చదివాకే.

ఒకవేళ బెదిరించో, కొట్టో రాయించుకున్నారంటే బయటికొచ్చిన వెంటనే, వీలైతే మర్నాడే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నట్టు రాసి పంపండి. అరెస్టైతే మేజిస్ట్రేట్ ముందు మొదటి రోజే చెప్పండి. నెలల తర్వాత చెబితే, తీరిగ్గా ఆలోచించి కల్పించిన మాటగా అనుమానిస్తారు. మా మామయ్యకు తన స్టేట్‌మెంట్‌లో ఏముందో తెలిసింది షోకాజ్ నోటీసుతో కాపీ చేతికొచ్చాకే.

అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. ఒంటిని సోదా చేయబోతే గెజిటెడ్ అధికారి దగ్గరికో మేజిస్ట్రేట్ దగ్గరికో తీసుకెళ్లమని అడగొచ్చు. మహిళను మహిళే సోదా చేయాలి. కాగితాలు జప్తు చేస్తే, అధికారి ఎదుట కాపీలు తీసుకునే హక్కు ఉంది.

ఇంటికి రాగానే, అన్నం తిన్నాక, పడుకునే ముందే ఏమడిగారు, ఏం చెప్పారు, ఎవరు ఉన్నారు, ఎన్ని గంటలైంది అన్నది ఒక నోటుబుక్కులో రాసి తేదీ వేయండి. మర్నాడు దాన్నే లాయర్‌కు చూపించండి.