మీ జట్టు ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌కి మీరే మార్కులు వేయడం ఎలా

అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు ఏటా కాలేజీ ఆటగాళ్లను వంతుల వారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ ముగిసిన శనివారం రాత్రికే ఏ ప్లస్, సి మైనస్ అంటూ గ్రేడ్లు వచ్చేస్తాయి. వాటివల్ల తెలిసేది ఒక్కటే: మన జట్టు ఎంపికలు ఆ విశ్లేషకుడి జాబితాకు ఎంత దగ్గరగా ఉన్నాయన్నది. పిక్‌కి (ఎంపిక వంతుకి) పెట్టిన ఖరీదు, జట్టులో ఆ ఆటగాడి అవసరం, చివరికి అతను ఆడిన తీరు అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. వాటికి జవాబులూ వేర్వేరు సమయాల్లో దొరుకుతాయి. అందుకే షీట్‌లో మూడింటికీ విడిగా కాలమ్‌లు పెట్టండి.

గురువారానికి ముందే అవసరాలు రాయండి

ఏప్రిల్ చివర్లో గురువారం మొదటి రౌండ్, శుక్రవారం రెండు, మూడు రౌండ్లు, శనివారం నాలుగు నుంచి ఏడు జరుగుతాయి. అవసరాల జాబితా గురువారానికి ముందే రాసి పెట్టుకోవాలి. తర్వాత రాస్తే, తీసుకున్న ఆటగాళ్లకు తగ్గట్టు అవసరాలు వాటంతటవే పుట్టుకొస్తాయి!

డ్రాఫ్ట్ అయిన రూకీ (కొత్త ఆటగాడి) కాంట్రాక్టు నాలుగేళ్లు. కాబట్టి ఈ సీజన్ ఖాళీలు మాత్రమే చూస్తే సరిపోదు. డెప్త్ చార్ట్‌లో (ప్రతి స్థానంలో ఎవరు ముందు, ఎవరు తర్వాత ఆడతారో చూపే పట్టికలో) ప్రతి స్టార్టర్ పక్కన వయసు, కాంట్రాక్టు ముగిసే ఏడాది వేసుకోండి. ముప్పై దాటిన లెఫ్ట్ టాకిల్ (ప్రత్యర్థులను అడ్డుకునే అఫెన్స్ లైన్ ఆటగాడు) కాంట్రాక్టు వచ్చే మార్చిలో అయిపోతుంటే, ఇవాళ ఆ చోటు నిండుగా కనిపించినా అది అవసరం కిందే లెక్క.

రీచ్ అనే ముందు

రీచ్ అంటే ర్యాంకు కంటే చాలా ముందుగా ఆటగాణ్ణి తీసుకోవడం. దాన్ని తేల్చడానికి ఒక్కరి బిగ్ బోర్డు (ఆటగాళ్ల ర్యాంకుల జాబితా) కాకుండా, చాలామంది విశ్లేషకుల ర్యాంకులు కలిపి సగటు తీసిన కన్సెన్సస్ బోర్డు వాడండి. తేడాను స్థానాల్లో కాదు, నిష్పత్తిలో చూడాలి. 20వ పిక్‌తో బోర్డులో 45వ ర్యాంకు ఆటగాణ్ణి తీసుకుంటే అది రీచే. 150వ పిక్‌తో 190వ ర్యాంకు వాణ్ణి తీసుకుంటే మాత్రం పట్టించుకోనక్కర్లేదు. అంత కిందకి వెళ్లాక విశ్లేషకులకే ఒకరితో ఒకరికి పొంతన కుదరదు.

రీచ్ అయినంత మాత్రాన తప్పు ఎంపిక అని కాదు. జట్ల దగ్గర మనకు కనిపించని మెడికల్ రిపోర్టులు, ఇంటర్వ్యూలు ఉంటాయి. 2012లో సియాటెల్ 15వ పిక్‌తో బ్రూస్ అర్విన్‌ని, 47తో బాబీ వాగ్నర్‌ని, 75తో ఎత్తు తక్కువ అనుకున్న రసెల్ విల్సన్‌ని తీసుకుంటే చాలామంది పెదవి విరిచారు. ఆ జట్టు 2013 సీజన్‌లో సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచింది.

ట్రేడ్ జరిగితే లెక్క వేయాల్సిందే

ట్రేడ్ అంటే జట్లు పిక్‌లు మార్చుకోవడం. వాటి విలువ కట్టే పాత పద్ధతి 1990ల మొదట్లో డాలస్ కోచ్ జిమ్మీ జాన్సన్ పేరుతో స్థిరపడిన చార్ట్. అందులో మొదటి పిక్ 3000 పాయింట్లు, 16వది 1000, 32వది 590. వచ్చే ఏడాది పిక్‌ని ఒక రౌండ్ తగ్గించి లెక్కిస్తారు. అంటే వచ్చే ఏడాది మొదటి రౌండ్ పిక్‌కి ఈ ఏడాది రెండో రౌండ్ మధ్య విలువ, సుమారు 420.

2017 డ్రాఫ్ట్ తీసుకుని చేసి చూడండి. పాట్రిక్ మహోమ్స్ కోసం కాన్సస్ సిటీ 10వ పిక్ (1300) తీసుకుని బఫలోకి 27వది (680), 91వది (136), 2018 మొదటి రౌండ్ పిక్ (420) ఇచ్చింది. ఇచ్చినవి మొత్తం 1236. అదే రాత్రి షికాగో మిచ్ ట్రుబిస్కీ కోసం 3 నుంచి 2కి జరిగింది. రెండో పిక్ 2600. ఇచ్చినవి 3వది (2200), 67వది (255), 111వది (72), పైగా 2018 మూడో రౌండ్ పిక్, దానికో 70 వేసుకోండి. మొత్తం 2597.

చార్ట్ ప్రకారం రెండు బేరాలూ న్యాయమైనవే. కాన్సస్ సిటీకి సూపర్ బౌల్‌లు వచ్చాయి, షికాగో ట్రుబిస్కీ ఐదో ఏడాది ఆప్షన్ (మొదటి రౌండ్ ఆటగాడి కాంట్రాక్టును ఇంకో ఏడాది పొడిగించుకునే హక్కు) కూడా వద్దనుకుంది. ఖరీదు కాలమ్‌లో ఇద్దరికీ పాస్ మార్కులే వేయాలి. తేడా ఆట కాలమ్‌లో కనబడుతుంది.

ఈ చార్ట్‌కో లోపం ఉంది. లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన 2011 ఒప్పందం తర్వాత రూకీ జీతాలు పిక్ నంబర్‌ని బట్టి దాదాపు ఖాయమైపోయాయి, చార్ట్ మాత్రం అంతకు ముందుది. జట్లు పై పిక్‌లకు అతిగా చెల్లిస్తున్నాయని పరిశోధకులు కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ చూపించారు కూడా. అందుకని చార్ట్‌లో సరిసమానంగా తేలిన ట్రేడ్‌లో కిందకి జరిగిన జట్టుకే కాస్త మొగ్గు ఇవ్వండి.

పొజిషన్

మార్కెట్లో ఖరీదైన పొజిషన్లు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు), ఎడ్జ్ రషర్ (అంచు నుంచి అతని మీదకి దూసుకెళ్లే డిఫెండర్), టాకిల్, వైడ్ రిసీవర్ (పాస్ అందుకునేవాడు), కార్నర్ (రిసీవర్‌ని కాపు కాసే డిఫెండర్). వీళ్లు రూకీ జీతానికి బాగా ఆడితే సాలరీ క్యాప్‌లో (జట్టు మొత్తం జీతాల పరిమితిలో) మిగిలేది ఎక్కువ. మొదటి రౌండ్‌లో రన్నింగ్ బ్యాక్‌ని (బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి) తీసుకుంటే అతను ఎంత మెరిసినా ఆ మిగులు తక్కువే.

ఆట కాలమ్ ఎప్పుడు నింపాలి

మొదటి సీజన్ తర్వాత స్నాప్‌ల శాతం (జట్టు ఆడిన ప్లేల్లో అతను మైదానంలో ఉన్నవి ఎన్ని) మాత్రం వేయండి. ప్రో ఫుట్‌బాల్ రిఫరెన్స్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. పొజిషన్ చూడకుండా పోల్చకండి: స్టార్టర్ టాకిల్ ఆరోగ్యంగా ఉంటే దాదాపు ప్రతి స్నాప్ ఆడతాడు, డిఫెన్సివ్ టాకిల్‌ని మాత్రం మార్చి మార్చి ఆడిస్తారు కాబట్టి సగం స్నాప్‌లు ఆడినా మంచి సంకేతమే. నాలుగో రౌండ్ తర్వాత వచ్చినవాళ్లకు స్పెషల్ టీమ్స్ (కిక్‌లప్పుడు దిగే బృందాలు) స్నాప్‌లు కూడా చూడాలి. 53 మంది జట్టులో వాళ్లు నిలబడేది ఎక్కువగా వాటివల్లే.

అసలు మార్కు మూడో సీజన్ తర్వాతే. మొదటి రౌండ్ ఆటగాడి ఐదో ఏడాది ఆప్షన్‌పై జట్టు అప్పుడే, మే మొదట్లోగా తేల్చుకోవాలి. జట్టు తన ఎంపికకు తనే వేసుకునే గ్రేడ్ అది. ఈ గడువుకీ మినహాయింపులుంటాయి: 2020లో 26వ పిక్‌తో గ్రీన్ బే తీసుకున్న జోర్డాన్ లవ్ స్టార్టర్ అయ్యిందే 2023లో. వెనక కూర్చోబెట్టడం ముందే అనుకున్న పథకమైతే ఇంకో ఏడాది ఆగండి. గాయంతో సీజన్ మొత్తం పోయినా అంతే: ఆ ఏడాది గడిని సున్నాతో నింపకుండా ఖాళీగా వదిలేయండి.