ఇంట్ల ఫ్లూ జరం వస్తె మొదటి రెండు రోజులు ఏం చేయాలె

మా నాయిన వరంగల్ ఎనుమాముల మార్కెట్ల అడ్తి దుకాణంల లెక్కలు రాస్తడు. ఫిబ్రవరిల మిర్చి బస్తాలు దిగుతుంటె ఆ ఘాటుకు అందరు దగ్గేటోళ్లే, గందుకే మొన్న నాయిన దగ్గుతుంటె మిర్చి దగ్గే అనుకున్నం. కని మిర్చి ఘాటుకు జరం రాదు కదా. పొద్దున మంచిగ పోయిన మనిషి మధ్యాహ్నంకల్ల వణుక్కుంట వచ్చి దుప్పటి కప్పుకున్నడు, చూస్తె 102 ఉంది, నడుము కాళ్లు ఒకటే గుంజుడు. సర్ది అయితె ముక్కు కారుకుంట మెల్లగ మొదలైతది, ఫ్లూ గంటలల్లనే మనిషిని పండబెడ్తది, తేడా అక్కడ్నే పట్టుకోవాలె.

మేం చేసిన తప్పు చెప్త. దగ్గర్ల ఉన్న డాక్టర్ ఒక సెలైన్ ఎక్కిచ్చి యాంటీబయాటిక్ రాసిచ్చిండు, మేం కూడ నిమ్మళంగ ఇంటికొచ్చినం. ఫ్లూ వైరస్ వల్ల వస్తది, యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీదనే పనిచేస్తది, తర్వాత నిమోనియా లెక్క ఏమన్న తగిలితె అప్పుడు డాక్టర్ చూసి ఇస్తరు. ఫ్లూకు అసలు మందు ఒసెల్టామివిర్, అది 48 గంటల లోపల మొదలుపెడితెనే బాగ పనిచేస్తది, డాక్టర్ రాస్తెనే వాడాలె. అందరికీ అవసరం లేదు, కని 65 దాటినోళ్లు, ఐదేండ్ల లోపు పిల్లలు, గర్భిణులు, షుగర్, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నోళ్లు ఉంటె ఆగకుండ తీస్కపోవాలె. నాయినకు షుగర్ ఉంది, మూడో రోజు తీస్కపోతె పెద్ద డాక్టర్ "మొన్ననే తేవాలె గదా" అన్నడు, అయినా షుగర్ ఉందని మందు రాసిండు.

మిగితోళ్లకు ఇంట్లనే తగ్గుతది. జరానికి పారాసెటమాల్, గోలీ గోలీకి నడుమ ఆరు గంటలు ఉంచుండ్రి, సర్ది గోలీలల్ల కూడ చాలావరకు పారాసెటమాల్ ఉంటది, రెండు కలిపి మింగితె లివర్‌కు దెబ్బ, పాకెట్ వెనక చదవుండ్రి. పిల్లలకు బరువును బట్టి ఇయ్యాలె, ఆస్పిరిన్ అస్సలు ఇయ్యద్దు. గంజి, మిరియాల చారు, నీళ్లు మస్తు తాగిపియ్యాలె. ఆవిరి పడితె ముక్కు వదులైతది గంతే, వైరస్ చావదు.

జరం కనిపియ్యకముందు ఒక రోజు నుంచే పక్కోళ్లకు అంటుతది, తర్వాత ఐదారు రోజులు అంటుతనే ఉంటది. గందుకే వేరే అర్రల పండబెట్టి కిటికీ తెరిచి పెట్టుండ్రి, దగ్గర కూసునేటోళ్లు మాస్క్ పెట్టుకొని చేతులు సబ్బుతోని కడుక్కోవాలె. గోలీ లేకుండ 24 గంటలు జరం రాకపోతెనే పిల్లల్ని బడికి పంపుండ్రి.

ఆయాసం, ఛాతి నొప్పి, పెదాలు నీలమైతుంటె, మనిషి మత్తుగ ఉంటె, తగ్గిన జరం మళ్ల తిరగబెడితె ఇంట్ల ఉంచుకోవద్దు, రాత్రి అయినా సరే ఎంజీఎం పెద్ద దవఖానకు పోవుడే.

ఈ వైరస్ ఏటా వేషం మారుస్తది, గందుకే టీకా కూడ ఏటా వేపిచ్చుకోవాలె. ఆరు నెలలు నిండినంక ఎవలన్న వేపిచ్చుకోవచ్చు, పని చేసుడుకు రెండు వారాలు పడ్తది, కాబట్టి వానలు పడకముందే, లేకపోతె మేడారం లెక్క జాతరకు పోయే ముందు ఆ లెక్క చూసుకోవాలె. సూదిల ఉండేది సచ్చిన వైరస్, దానితోని ఫ్లూ రాదు. నాయిన ఈసారి వేపిచ్చుకున్నడు, చెయ్యి గుంజుతుందని ఒక రోజంత మా అమ్మను సతాయించిండు.