వాడలో పిల్లలకు సాయంత్రం చదువు చెప్పాలంటే ఎలా మొదలుపెట్టాలి?

ఉద్యోగం, జీతం, ఇల్లు అన్నీ కుదిరాక కూడా "ఇంతేనా?" అనిపించే రోజులు చాలామందికి వస్తాయి. అప్పుడు మనసు ముందుగా విరాళం వైపు పోతుంది. బ్యాగులు, నోటు పుస్తకాలు పంచి వస్తాం. అవీ అవసరమే. కానీ నిన్న చదవలేని వాక్యాన్ని ఓ పాప ఇవాళ మన పక్కన కూర్చుని చదివితే కలిగే తృప్తి వేరు. అది కావాలంటే కొద్దిమంది పిల్లలతో ఎక్కువ కాలం ఉండాలి.

1. ముందు తల్లులతో మాట్లాడండి

కూలి నుంచి ఏ వేళకు వస్తారు, పిల్లలకు ఇంట్లో ఏ పనులున్నాయి అన్నది అడిగి టైం పెట్టుకోండి. బడిలో హెడ్మాస్టరుకూ ఒక మాట చెప్పండి. చోటు విషయంలో జాగ్రత్త. గుడి అరుగు అందరికీ దగ్గరే అనిపిస్తుంది గానీ, అక్కడికి రావడానికి కొన్ని కులాల పిల్లలు బెరుకు పడతారు. కమ్యూనిటీ హాలో, బడి వరండానో మేలు. తలుపులు తెరిచే ఉంచండి, ఒక తల్లి అయినా అక్కడ ఉండేలా చూడండి. పిల్లల ఫోటోలు ఎక్కడా పెట్టకండి.

2. తరగతిని కాదు, చదవగలిగే స్థాయిని చూడండి

పల్లె పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చో తెలుసుకోవడానికి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చేసే అసర్ సర్వేలో అక్షరం, పదం, చిన్న పేరా, కథ చదివించి చూస్తారు. మీరూ అలాగే ఒక్కొక్కరినీ విడిగా చదివించండి. ఐదో తరగతి పిల్లవాడు 'ఆవు', 'పలక' గడగడా చదివేసి, 'కష్టం' దగ్గర 'కషటం' అంటాడు. వాడికి గుణింతాలు వచ్చు, ఒత్తులే రావు. అలాంటివాళ్లంతా, మూడో తరగతి అయినా ఆరో తరగతి అయినా, ఒకే గుంపులో కూర్చోవాలి. పెద్దవాళ్లు చిన్నబుచ్చుకోకుండా గుంపులకు పక్షుల పేర్లో, పూల పేర్లో పెట్టండి.

3. వాళ్ల మాటలే పాఠంగా రాయండి

నాకు అన్నిటికంటే నమ్మకమున్న పద్ధతి ఇదే. "ఇవాళ ఇంట్లో ఏం జరిగింది?" అని అడగండి. "మా అవ్వ గొర్రెకు గడ్డి వేసింది" అంటే అదే బోర్డు మీద రాయండి. అందులోనే మూడు ఒత్తులున్నాయి. తన మాటే కాబట్టి పిల్ల అందాజుగానైనా చదివేస్తుంది. తర్వాత 'గడ్డి' ఒక్కటీ చూపించి 'బిడ్డ', 'అడ్డం' చదివించండి. మర్నాడు ఆ వాక్యాన్ని తనే పుస్తకంలో రాసుకుంటుంది. హోంవర్కు చేయించే ట్యూషన్‌గా మాత్రం మార్చకండి. చదవడం రాని పిల్లకు హోంవర్కు చూచిరాతే అవుతుంది.

4. కాగితాల పనిలో తోడుండండి

ఎనిమిదో తరగతిలో ఉన్న ప్రభుత్వ బడి పిల్లలు ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష రాయొచ్చు. ఎంపికైతే, అర్హత నిలుపుకుంటూ చదివినంత కాలం తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. ఆదాయ ధ్రువపత్రం కోసం ఆఖరి రోజుల్లో పరుగెత్తకుండా ముందే తీయించండి. ఐదో తరగతి పిల్లలకైతే నవోదయ ప్రవేశ పరీక్ష గురించి చెప్పండి.

5. రాని పిల్లల ఇంటికి వెళ్లండి

పత్తి తీతలు, మిరప కోతలు మొదలైతే పిల్లలు తగ్గిపోతారు. తల్లిదండ్రులను తప్పుపట్టకండి. ఏ పనికి ఎన్నాళ్లు పోతున్నారో కనుక్కోండి, చదువుకోవడానికి ఒక కథల పుస్తకం ఇచ్చి పంపండి. కుటుంబమంతా ఇటుక బట్టీలకు వలస పోతుంటే టీసీ ఇప్పించండి. అది చేతికి రావడం ఆలస్యమైనా, వయసు రుజువు కాగితం లేకపోయినా, అక్కడి ప్రభుత్వ బడి చేర్చుకోనని అనకూడదు. 2009 విద్యాహక్కు చట్టం ఈ మాట స్పష్టంగా చెబుతోంది. తల్లికి ఇది వివరంగా చెప్పి, అక్కడి హెడ్మాస్టరు కాదంటే మీకు ఫోన్ చేయమనండి.