ప్రెస్ మీద వేడి మోల్డ్‌ని డ్రై ఐస్‌తో క్లీన్ చేయడం

రబ్బర్ వస్తువులు అచ్చుపోసే స్టీల్ మోల్డ్ క్లీనింగ్ అంటే ఇప్పటికీ చాలా చోట్ల ప్రెస్ (మోల్డ్‌ని వేడిచేసి నొక్కే మెషిన్) ఆపాలి, మోల్డ్ చల్లారేదాకా కూర్చోవాలి, ఊడదీసి గ్లాస్ బీడ్స్ (సన్నటి గాజు పూసలు) కొట్టించి మళ్ళీ బిగించాలి, బీడ్స్ కొట్టీ కొట్టీ అంచులు అరిగిపోతాయి కూడా. డ్రై ఐస్‌తో అయితే మోల్డ్ విప్పక్కర్లేదు, వేడి మీదే కొట్టేయొచ్చు.

డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడే, మైనస్ 78.5 డిగ్రీలుంటుంది. సుమారు 3 మిల్లీమీటర్ల పెల్లెట్లని (చిన్న ముక్కల్ని) బ్లాస్టింగ్ మెషిన్‌తో గాలి ప్రెషర్ మీద కొడితే, మోల్డ్‌కి పట్టిన మురికి పొర ఒక్కసారిగా చల్లబడి పెళుసెక్కి పగులుతుంది, తగిలిన ఐస్ నీళ్ళవకుండా నేరుగా గ్యాస్ అయిపోయి దాదాపు 800 రెట్లు ఉబ్బుతుంది కదా, ఆ ఊపుకి పొర లేచొచ్చేస్తుంది. మోల్డ్ 150 డిగ్రీల మీదుంటే ఇంకా తొందరగా ఊడుతుంది. ఐస్ మెత్తనిది, స్టీల్‌ని అరగదీయదు. అందుకే లోతుగా పట్టిన తుప్పుకి మాత్రం ఇది పనికిరాదు.

మొదలెట్టే ముందు మెషిన్‌కి వచ్చే గాలి పొడిగా ఉందో లేదో చూసుకోండి, అన్నిటికంటే ముఖ్యం ఇదే. లైన్‌లో తేమ ఉంటే హోస్‌లోనే గడ్డకట్టి పెల్లెట్లు ఇరుక్కుపోతాయి, మెషిన్ పాడైందనుకుంటాం గానీ చాలాసార్లు తప్పు ఎయిర్ డ్రైయర్‌ది (గాలిలో తేమ తీసేసేది). ఐస్ తాజాది తెప్పించండి, నిలవుంటే ముద్దకడుతుంది. మెషిన్‌కీ మోల్డ్‌కీ ఎర్తింగ్ ఇవ్వండి, స్టాటిక్ బాగా వస్తుంది. ముందు ఓ మూల తక్కువ ప్రెషర్‌తో కొట్టి చూసి, చాలకపోతే మెల్లగా పెంచండి, నాజిల్ ఒకే చోట ఆపకుండా కదుపుతూ ఉండండి. ఊడిన మురికి ఎక్కడికీ పోదు, కిందే పడుతుంది, ఊడ్చుకోవాల్సిందే.

ఇంక గ్యాస్ సంగతి, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. కార్బన్ డయాక్సైడ్ గాలికంటే బరువు, ప్రెస్ కింద గుంతల్లో పేరుకుంటుంది, అక్కడ మనిషి దిగితే ఊపిరాడక పడిపోతాడు. ఫ్యాన్లు పెట్టి కింద నుంచి గాలి బయటికి లాగించండి, గ్యాస్ మీటర్ నేలకి దగ్గర్లో ఉంచండి, 8 గంటల పనికి 5,000 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 5,000 వంతులు) దాటకూడదు. చలికి తట్టుకునే గ్లవ్స్, కళ్ళద్దాలు, ఫేస్ షీల్డ్, చెవులకి మఫ్స్ తప్పనిసరి, సౌండ్ 100 డెసిబెల్స్ దాటడం మామూలే.

మిగిలిన ఐస్‌ని సీసాలోనో డ్రమ్ములోనో వేసి మూత బిగించొద్దు, పేలిపోతుంది. మనుషులు తిరగని చోట, ఆరుబయట వదిలేస్తే అదే ఆవిరైపోతుంది.