గుర్రం జీ5కి దూకితే ఎలా కాచుకోవాలి?

బరంపురంలో సాయంత్రం పూట చెస్ బోర్డు పరిచారంటే, చుట్టూ మూగినవాళ్లు తెలుగులో కొందరు, ఒడియాలో కొందరు ఎత్తులు అందిస్తూనే ఉంటారు. “ఘోడా! ఘోడా!” అని కేక వినపడితే తెల్లగుర్రం జీ5కి (తెల్లవాళ్ల వైపు నుంచి చూస్తే ఎడమ నుంచి ఏడో నిలువు వరుసలో, కింది నుంచి ఐదో గడికి) దూకి ఉండొచ్చు. నల్లపావులు మీవైతే ఈ దారిన వెళ్లండి.

ముందు ఆట అక్కడిదాకా ఎలా వస్తుందంటే: ఇద్దరూ రాజు ముందున్న బంటును రెండు గళ్లు జరుపుతారు. అవతలివారి గుర్రం ఎఫ్3కి, మీది సీ6కి. వాళ్ల బిషప్ సీ4కి, మీ రెండో గుర్రం ఎఫ్6కి. నాలుగో ఎత్తులో వాళ్ల గుర్రం జీ5కి. గురి ఎఫ్7 బంటు మీద. దానికి మీ రాజు తప్ప కాపలా లేదు.

మొదట మంత్రి ముందున్న బంటును డీ5కి తోసి బిషప్‌కు అడ్డం పెట్టండి. వాళ్లు బంటుతో కొడతారు.

ఇక్కడ ఆగండి. చెయ్యి దానంతటదే ఎఫ్6 గుర్రం మీదకు పోతుంది, ముట్టుకుంటే ఆడాల్సిందే. ఆ గుర్రంతో డీ5 కొట్టారా, వాళ్ల గుర్రం ఎఫ్7లో పడి మీ మంత్రినీ ఏనుగునూ ఒకేసారి పట్టుకుంటుంది. రాజుతో కొడితే మంత్రి ఎఫ్3కి వచ్చి చెక్. డీ5 గుర్రం దక్కాలంటే రాజు ఈ6కి, నడిబజారుకు రావాలి. జీ8లో దాక్కుంటే ఇంకా ఘోరం: బిషప్ డీ5లో కొట్టి చెక్, మీ మంత్రి కొడితే వాళ్ల మంత్రి కొట్టి చెక్, ఈ6లో బిషప్ అడ్డం పెడితే దాన్నీ కొట్టి మేట్. దీని పేరు ఫ్రైడ్ లివర్. ఇటలీ ఆటగాడు పొలేరియో కాలం నుంచి, అంటే 400 ఏళ్లకు పైగా, జనం దీనికి దొరుకుతూనే ఉన్నారు.

కాబట్టి ఆ బంటును వదిలేసి సీ6 గుర్రాన్ని ఏ5కి పంపండి. బిషప్ బీ5కి వెళ్లి చెక్ ఇస్తే సీ బంటును సీ6కి జరపండి; వాళ్లు కొట్టాక బీ బంటుతో కొట్టండి. మీకు ఒక బంటు తక్కువే, కానీ వాళ్ల బిషప్ మామూలుగా మళ్లీ కదలాల్సి వస్తుంది.

అది ఈ2కి తగ్గితే చివరి బంటును హెచ్6కి జరిపి వాళ్ల గుర్రాన్ని తరమండి. గుర్రం ఎఫ్3కి పోతే రాజు ముందు బంటును ఈ4కి తోసి ఇంకోసారి తరమండి. ఈ5కి ఎక్కితే మీ బిషప్‌ను డీ6కి తెచ్చి దాని మీదే గురిపెట్టండి. వాళ్ల బిషప్ ఈ2కి కాక డీ3లో కూర్చుంటే మాత్రం హెచ్6 వద్దు. ఎఫ్6 గుర్రాన్ని డీ5కి పంపితే దారి తెరుచుకుని మీ మంత్రి జీ5 గుర్రం మీద పడుతుంది. అంచున ఉన్న ఏ5 గుర్రాన్ని తర్వాత బీ7 మీదుగా ఆటలోకి తెచ్చుకోండి.

డీ5 బదులు బిషప్‌ను సీ5కి పెట్టే ట్రాక్స్‌లర్ పద్ధతీ ఉంది. చూసేవాళ్లకు పండగే. కానీ అవతలివాడు గుర్రాన్ని ఆపుకుని బిషప్‌తో ఎఫ్7 కొట్టి చెక్ ఇచ్చాడంటే, బంటు పోయి, కాస్లింగ్ (రాజును ఏనుగు చాటుకు దాచే ఎత్తు) చేసుకునే వీలూ పోతుంది.