సీసాలో వరద, గ్లాసులో రాయి: అవక్షేప శిల ఎలా పుడుతుందో ఇంట్లోనే చూడండి

మా వంటగట్టు కడప బండ. నిమ్మకాయ కోసిన చోటల్లా తెల్లటి మచ్చలు పడ్డాయి. ఈ నల్లరాయి ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న సున్నపు బురద అని తెలిశాక, ఆ మచ్చల్ని చూస్తే చిరాకు బదులు ఆశ్చర్యమే కలుగుతోంది. ఇలా పొరలుపొరలుగా పేరుకుని గట్టిపడ్డ రాళ్లనే అవక్షేప శిలలు అంటారు. అవెలా తయారవుతాయో వారంలోపే ఇంట్లో చూడొచ్చు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి.

మూత ఉన్న పెద్ద గాజు సీసా, గులకరాళ్లు, ఇసుక, మట్టి, రెండు కాగితపు గ్లాసులు, కొంచెం ఫెవికాల్ ఉంటే చాలు.

1. గులకరాళ్లు, ఇసుక, మట్టి తలా గుప్పెడు సీసాలో వేసి, ముప్పాతిక వంతు నీళ్లు పోసి, మూత పెట్టి బాగా కుదపండి. తర్వాత కదలని చోట పెట్టండి. గులకరాళ్లు వెంటనే అడుగుకు చేరతాయి. ఇసుక నిమిషంలో దిగుతుంది. సన్నటి బంకమట్టి మాత్రం మర్నాటికి కూడా నీటిని మసకగానే ఉంచుతుంది. నది చేసే పనీ ఇదే. ఉరుకుతున్నంతసేపు రాళ్లను దొర్లిస్తుంది, నెమ్మదించగానే బరువైనవాటిని ముందు వదిలేస్తుంది. సన్నటి ఒండ్రు కోనసీమ దాకా వెళ్లి పరుచుకునేది అందుకే.

2. మర్నాడు ఇంకో గ్లాసుడు మట్టినీళ్లు మెల్లగా పోయండి. పాత పొర చెదరకుండా చెంచా మీదుగా పోయాలి. ఇది రెండో వరద. కింది పొర పాతది, పైది కొత్తది. రాతి పొరల వయసును పోల్చేటప్పుడు మొదట చూసేది ఈ వరుసనే.

3. ఇప్పుడు రాయి చేద్దాం. ఒక కాగితపు గ్లాసు అడుగున సూదితో చిల్లులు పొడిచి, సగం దాకా తడి ఇసుక వేసి, రెండో గ్లాసుతో గట్టిగా అదమండి. అదిమినంత మాత్రాన అది రాయి కాదు, ఆరితే పొడిపొడిగా రాలిపోతుంది. ఒక వంతు ఫెవికాల్‌కి రెండు వంతుల నీళ్లు కలిపి పైనుంచి పోయండి. ఎక్కువైంది చిల్లుల్లోంచి కారిపోతుంది. పూర్తిగా ఆరడానికి నాలుగైదు రోజులు పట్టొచ్చు, తొందరపడి గ్లాసు చింపొద్దు. నేల లోపల పైపొరల బరువు ఇలాగే అదుముతుంది. భూగర్భ జలంలో కరిగిన సున్నం, సిలికా, ఇనుప తుప్పు జిగురులా పనిచేస్తాయి. కొన్ని ఇసుకరాళ్లు ఎర్రగా ఉండేది ఆ తుప్పు వల్లే.

4. సున్నపురాయి దారి వేరు. నీటిలో కరిగి ఉన్న సున్నమే అడుగున పేరుకుని రాయవుతుంది. విరిగిన కడప బండ ముక్కను మేకుతో గీకి, వచ్చిన పొడి మీద రెండు చుక్కలు నిమ్మరసం వేయండి. కళ్లు దగ్గరగా పెట్టి చూస్తే సన్నటి బుడగలు కనిపిస్తాయి. పులుపుకు సున్నం కరిగి కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తోందన్నమాట. గ్రానైట్ పొడి అలా పొంగదు. ఈ పరీక్ష గట్టు మీద మాత్రం చేయకండి, మచ్చ పోదు.

నంద్యాల జిల్లాలోని బెలూం గుహలు ఏర్పడిందీ ఇలాంటి మచ్చతోనే. గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి కాస్త పులుపెక్కిన వాన నీరు సున్నపురాతి పగుళ్లలోకి దిగి, కరిగిస్తూ కరిగిస్తూ 3 కిలోమీటర్లకు పైగా దారి చేసుకుంది.